చెత్త పొగ – గాలి లెక్కల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం మీద వ్యాసం రాయమని కార్యవర్గం వారు కోరారు. కోటల గురించి, గుళ్ల గురించి, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన సంగతుల గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను వేరే చరిత్ర ఎంచుకున్నాను. చెత్త కాల్చే కర్మాగారాల చుట్టూ గాలిలో డయాక్సిన్ అనే విషాన్ని కొలవడం లోకం ఎట్లా నేర్చుకున్నది, అందులో మనం తెలుసుకోవలసింది ఏమిటి అన్నది నా విషయం. పేరు కొత్తగా వినిపించినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఉంటున్న మనకు, మన మనుమలు మనుమరాళ్లకు ఇది సంబంధం లేని సంగతి కాదు.

నేను సైన్సు చదివినవాణ్ని కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, జగిత్యాల, సిరిసిల్ల తాలూకా కచేరీల్లోనూ, 1985లో మండలాలు వచ్చిన తరువాత కోరుట్లలోనూ పనిచేసి 2008లో పదవీ విరమణ చేశాను. ఆ కాలంలో నా చేతిమీదుగా నడిచిన రిజిస్టర్లలో వర్షపాతం రిజిస్టర్ ఒకటి. తహశీలు ఆవరణలో ఉన్న రెయిన్‌గేజిలో పొద్దున ఎనిమిదిన్నరకు నీళ్లు కొలిచి, మిల్లీమీటర్లలో రాసి, జిల్లాకు పంపాలి. గేజి పెట్టడానికి ఒక నియమం ఉండేది. చెట్టుకు గానీ గోడకు గానీ కనీసం దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే ఎంత శ్రద్ధగా కొలిచినా తక్కువ వానే పడినట్టు వస్తుంది. పైగా ఒక్క రోజు లెక్కతో ఏమీ తెలియదు. ముప్పై నలభై ఏండ్ల రిజిస్టర్ ఉంటేనే ఈ ఏడు కరువో కాదో చెప్పగలం. ఎక్కడ కొలిచారు, ఎంతకాలం కొలిచారు, దేనితో పోల్చారు అన్న ఈ మూడు ప్రశ్నలు వానకు ఎట్లా వర్తిస్తాయో, గాలిలోని విషానికీ అట్లాగే వర్తిస్తాయి. ఈ వ్యాసానికి మూలం అదే.

డయాక్సిన్ అంటే ఏమిటి?

దీన్ని ఎవరూ కావాలని తయారుచేయరు. క్లోరిన్ కలిసిన వస్తువులు సరిగ్గా కాలనప్పుడు పొగలో పుడుతుంది. పి.వి.సి. పైపులు, కరెంటు వైర్ల తొడుగులు, రెగ్జిన్, ఫ్లెక్సీ బ్యానర్లు ఇటువంటివే. 850 డిగ్రీల వేడిలో కనీసం రెండు సెకండ్లు ఉంచితే డయాక్సిన్ చాలావరకు నశిస్తుంది. కానీ ఆ పొగ చల్లారేటప్పుడు సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య బూడిద కణాల మీద మళ్లీ పుడుతుంది. రాగి వంటి లోహాలు ఉంటే ఇంకా తేలికగా పుడుతుంది. అందుకే పొయ్యి బాగుంటే చాలదు, పొగను త్వరగా చల్లార్చి వడకట్టే ఏర్పాటు కూడా బాగుండాలి.

డయాక్సిన్లు, వాటి వర్గానికే చెందిన ఫ్యూరాన్లు కలిపి 210 రకాలు. అందులో 17 రకాలు ఎక్కువ విషపూరితమైనవి. ఈ పదిహేడూ ఒకే బలం కలవి కావు గనుక అన్నింటినీ ఒకే లెక్కలోకి మార్చి చెబుతారు. మన పెద్దల కాలంలో హాలీ సిక్కా, కల్దార్ రెండూ ఉన్నప్పుడు సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలని మార్చి లెక్కకట్టేవారు కదా, ఇదీ అటువంటిదే. అన్నింటికంటే బలమైన రకాన్ని ఒకటిగా తీసుకొని, తక్కినవాటిని దానిలో ఇంత వంతు అని మార్చి కూడతారు. ఆ మొత్తాన్ని టి.ఇ.క్యూ. అంటారు.

ఈ విషం కొవ్వులో నిలుస్తుంది. మనిషి ఒంట్లోకి ఒకసారి చేరితే సగం పోవడానికి 7 నుంచి 11 ఏండ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మనిషికి చేరే దానిలో 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే, ముఖ్యంగా పాలు, మాంసం, చేపల ద్వారా చేరుతుంది. గాలిలో వచ్చింది గడ్డి మీద పడుతుంది, గడ్డి పశువు తింటుంది, పాలు మన పిల్లలు తాగుతారు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిలో అత్యంత బలమైన రకాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది.

పాలు చెప్పిన సాక్ష్యం

లోకానికి ఈ పేరు తెలిసింది ప్రమాదం వల్ల. 1976 జూలై 10న ఇటలీలో మిలాన్ నగరం దగ్గర ఒక రసాయన కర్మాగారంలో వేడి అదుపు తప్పి విషమేఘం లేచి సెవెసో ఊరి మీద పడింది. కోళ్లు, కుందేళ్లు చచ్చిపోయాయి, పిల్లల ముఖాలకు పుండ్లు లేచాయి. విషం ఆహారంలోకి చేరకుండా 70 వేలకు పైగా జంతువులను చంపవలసి వచ్చింది. ఏ మేర ఎంత విషం పడిందో తరువాత మట్టి పరీక్షలు చేసి పటం గీసుకున్నారు.

మరుసటి ఏడాది, 1977లో, హాలెండ్ శాస్త్రవేత్తలు ఆమ్‌స్టర్‌డామ్ చెత్త కర్మాగారపు బూడిదలో డయాక్సిన్ ఉన్నదని బయటపెట్టారు. రసాయన కర్మాగారంలో ప్రమాదం జరగనవసరం లేదు, ఊరి చెత్త కాల్చినా చాలునని అప్పుడు తెలిసింది. అయినా కర్మాగారాల చుట్టూ గాలిని కొలిచే ఏర్పాటు వెంటనే రాలేదు. 1989లో అదే దేశంలో రాటర్‌డామ్ పడమటి వైపు లికెబార్ట్ ప్రాంతంలో మేసే ఆవుల పాలలో డయాక్సిన్ బయటపడి ఆ పాల అమ్మకం ఆపివేశారు. దగ్గరలోని చెత్త కర్మాగారమే కారణమని తేలింది. 2001లో ఫ్రాన్స్‌లోని జిల్లీ-సుర్-ఇసేర్ అనే చోట కూడా పాలలో విషం కనబడిన తరువాతనే కర్మాగారం మూసివేశారు.

ఈ రెండు చోట్లా సాక్ష్యం చెప్పింది పాలు. సర్కారు పరికరం కంటే ముందు పాడి రైతుకు నష్టం వచ్చింది. కర్మాగారం పెట్టకముందు అక్కడి గాలిలో, గడ్డిలో, పాలలో ఎంత ఉండేదో రాసిపెట్టుకొని, తరువాత వరుసగా కొలుస్తూ ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదు.

కొలిచే కేంద్రాల వరుస

అప్పటినుంచి దేశాలు గాలిని కొలిచే కేంద్రాలను ఒక వరుసగా ఏర్పాటు చేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లండులో 1991లో ఇటువంటి విషాల కోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు మొదలైంది. అమెరికాలో 1998 జూన్‌లో జాతీయ డయాక్సిన్ గాలి పర్యవేక్షణ ఏర్పాటును మొదలుపెట్టి 2004 దాకా నడిపారు. వారు ముఖ్యంగా పల్లెలను, కర్మాగారాలకు దూరంగా ఉన్న చోట్లను ఎంచుకున్నారు. అక్కడ కొలిచి ఏమి లాభమని కొందరికి అనిపించవచ్చు. ఏ కర్మాగారం లేని చోట మామూలుగా ఎంత ఉంటుందో తెలియకపోతే, ఉన్న చోట ఎంత ఎక్కువైందో చెప్పడం కుదరదు. మా వర్షపాతం రిజిస్టర్‌లో సగటు వాన అన్న గడి ఎందుకుందో ఇదీ అందుకే.

జపాన్ ఇంకా ముందుకు వెళ్లింది. చిన్న చిన్న చెత్త పొయ్యిలు ఊరూరా ఉండే ఆ దేశంలో ప్రజల ఆందోళన తరువాత 1999లో డయాక్సిన్ మీద ప్రత్యేక చట్టం చేశారు. గాలిలో ఏడాది సగటున ఘనమీటరుకు 0.6 పికోగ్రాములు దాటరాదని పెట్టి దేశమంతటా కొలిచారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. 1997తో పోలిస్తే 2003 నాటికి అక్కడ డయాక్సిన్ విడుదల 90 శాతానికి పైగా తగ్గింది. పరిమితి కాగితం మీద ఉంటే చాలదని, కొలత వెంట ఉంటేనే అది పనిచేస్తుందని దీనివల్ల అర్థమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ప్రచురించిన మార్గదర్శకాలలో ఒక ఉపయోగకరమైన గీత గీసింది. పట్టణ గాలిలో ఇది సుమారు 0.1 పికోగ్రాము ఉండవచ్చు. 0.3 గానీ అంతకు మించి గానీ కనబడితే చుట్టుపక్కల ఎక్కడో మూలం ఉన్నదని, దాన్ని వెతికి అదుపు చేయాలని చెప్పింది.

ఎంతసేపు కొలిచారు అన్న ప్రశ్నకు బెల్జియం జవాబు చెప్పింది. 1998లో అక్కడి పరిశోధకులు ఒక చెత్త కర్మాగారపు చిమ్నీలో రెండు విధాల కొలిచి చూశారు. మామూలు పద్ధతిలో ఆరు గంటలు కొలిస్తే ఘనమీటరుకు 0.25 నానోగ్రాములు వచ్చింది. రెండేసి వారాలు ఆపకుండా నమూనా తీస్తే సగటు 8.2 నుంచి 12.9 దాకా వచ్చింది. అంటే 30 నుంచి 50 రెట్లు. కొలిచిన మనిషి తప్పు లేదు, పరికరం తప్పు లేదు. పొయ్యి రాజేసేటప్పుడు, ఆర్పేటప్పుడు, తడి చెత్త వచ్చినప్పుడు పొగ వేరుగా ఉంటుంది. తనిఖీ నాడు అన్నీ సవ్యంగా ఉంటాయి. ఇన్‌స్పెక్షన్ రోజున కచేరీ ఎట్లా ఉండేదో మనకు ఒకరు చెప్పనవసరం లేదు కదా!

మన దేశంలో

మన దేశంలో చెత్తతో కరెంటు తీసే పని 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో మొదలైంది. డెన్మార్క్ యంత్రాలతో రోజుకు 300 టన్నులు కాల్చాలని పెట్టారు. మన చెత్తలో తడి, మట్టి ఎక్కువ గనుక అది సరిగ్గా మండలేదు, కొద్దికాలానికే మూతపడింది. 1996లో సుప్రీంకోర్టు ఢిల్లీలో 50 పడకలు దాటిన ఆసుపత్రులు చెత్త కాల్చే పొయ్యిలు పెట్టుకోవాలని ఆదేశించింది. 1998లో వచ్చిన ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ను కాల్చరాదన్నాయి. మన రాష్ట్రంలో 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో హైదరాబాదు చెత్తతోనూ, విజయవాడలోనూ కరెంటు కర్మాగారాలు వచ్చి కొన్నేండ్లు నడిచాయి. 2006 జనవరిలో భారతదేశం డయాక్సిన్ వంటి విషాలను తగ్గించే స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని ఆమోదించింది.

2012లో ఢిల్లీ ఓఖ్లాలో ఇళ్ల మధ్యనే పెద్ద కర్మాగారం మొదలైంది. చుట్టుపక్కల కాలనీల వారు కోర్టుకు వెళ్లారు. కొన్ని పరీక్షలలో డయాక్సిన్ పరిమితి దాటినట్టు కనబడింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 25 లక్షల రూపాయల పరిహారం విధించి, షరతులతో నడపడానికి అనుమతించింది. మన తెలంగాణలో జవహర్‌నగర్ చెత్తగుట్ట దగ్గర 2020లో 19.8 మెగావాట్ల కర్మాగారం ప్రారంభమైంది. హైదరాబాదులో మన పిల్లలు ఎందరో ఉన్నారు గనుక ఆ పేరు మీరు వినే ఉంటారు.

2016లో వచ్చిన నిబంధనలు చిమ్నీలో డయాక్సిన్ ఘనమీటరుకు 0.1 నానోగ్రాము దాటరాదన్నాయి. యూరప్‌లో పెట్టిన పరిమితి కూడా అంతే, మంచిదే. ఆసుపత్రి వ్యర్థాల పొయ్యిలకు ఈ పరీక్ష ఏడాదికి ఒకసారి అన్నారు. చెత్త కర్మాగారాలకు నమూనా ఆరు నుంచి ఎనిమిది గంటలు తీయాలన్నారు. ఏడాదికి 8,760 గంటలు. ఒక్కసారే కొలిస్తే అందులో ఎనిమిది గంటలంటే వెయ్యో వంతు కూడా కాదు. ఇక ఊళ్ల గాలి సంగతి చూస్తే, 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాల జాబితాలో 12 కాలుష్యాలు ఉన్నాయి, డయాక్సిన్ లేదు. అంటే చిమ్నీ నోటి దగ్గర లెక్క కొంత ఉన్నది, జనం పీల్చే చోట, పశువు మేసే చోట లెక్కకు నిర్బంధం లేదు.

మనవైపు కొలవాలంటే

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఊహ మాత్రమే. జగిత్యాల, కోరుట్లల నడుమ నిజామాబాదు రోడ్డు పక్కన ఎక్కడో అటువంటి కర్మాగారం పెట్టారనుకుందాం. కొలిచే కేంద్రాలు ఎక్కడ ఉండాలి?

మొదటిది గాలి దిక్కు. వానాకాలంలో మనకు ఎక్కువగా పడమర, నైరుతి గాలి. చలికాలంలో తూర్పు, ఈశాన్యపు గాలి. అందువల్ల ఒక్క కేంద్రం పెడితే సగం ఏడాది పొగ దాని వైపే రాదు. రెండు దిక్కులా కేంద్రాలు ఉండాలి. ఒక దిక్కు కేంద్రానికి పొగ తగులుతున్నప్పుడు రెండో దిక్కుది శుభ్రమైన గాలి లెక్క చెబుతుంది. రెండింటి తేడాయే కర్మాగారపు వాటా.

రెండోది దూరం. ఎత్తైన చిమ్నీ పొగ దాని మొదట్లో దిగదు. కొన్ని వందల మీటర్ల నుంచి రెండు మూడు కిలోమీటర్ల దాకా ఎక్కడో దిగుతుంది. చిమ్నీ ఎత్తు, పొగ వేడి, గాలి వేగం తీసుకొని ఇంజనీర్లు ఆ చోటును లెక్కగడతారు. గేటు దగ్గర పరికరం పెట్టి గాలి బాగుందంటే, గోడ పక్కన రెయిన్‌గేజి పెట్టి వాన లేదన్నట్టే. లెక్కలో వచ్చిన చోట ఒకటి, దగ్గరి ఊరి బడి దగ్గర ఒకటి, చాలా దూరంలో ఏ పొగా తగలని పల్లెలో పోలిక కోసం ఒకటి ఉండాలి.

మూడోది కాలం. పరికరం పెద్ద పంపుతో గాలి లాగి, ఫిల్టర్ గుండా, దాని వెనక నురుగు దిమ్మ గుండా పంపుతుంది. రోజంతా నడిపితే మూడు నాలుగు వందల ఘనమీటర్ల గాలి పోతుంది. గాలిలో 0.1 పికోగ్రాము ఉంటే రోజంతటికీ చిక్కేది ముప్పై నలభై పికోగ్రాములే. అంత కొద్దిదాన్ని పట్టే ప్రయోగశాలలు దేశంలో కొన్నే ఉన్నాయి. తిరువనంతపురంలోని సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ వాటిలో ఒకటి. ఖర్చు కూడా ఎక్కువే. అందుకని అమెరికావారు నెలలో 20 రోజులకు పైగా గాలి లాగి అంతటికీ ఒకే పరీక్ష చేసేవారు. నాలుగైదు కేంద్రాలలో ఇట్లా ప్రతి రుతువులో చేస్తే ఖర్చు అదుపులో ఉంటుంది, లెక్క నమ్మదగినదవుతుంది. చలికాలం వదలరాదు, ఆ రాత్రులు పొగ పైకి లేవక నేలబారున నిలుస్తుంది. వీటితో పాటు మట్టి, బర్రె పాలు, నాటుకోడి గుడ్లు ఏడాదికోసారి చూడాలి.

నాలుగోది అన్నింటికంటే ముఖ్యం. కర్మాగారం రాజేయకముందే కనీసం ఒక ఏడాది ఈ లెక్కంతా తీయాలి. ఆలస్యమైతే దీన్ని మళ్లీ సంపాదించలేము. పహాణీ పాతది ఉంటేనే భూమి తగాదా తేలుతుందని మనకు తెలుసు. గాలికీ ఒక పాత పహాణీ కావాలి.

ముందటి లెక్క కర్మాగారం వారికి కూడా మేలు చేస్తుంది. ఎందుకంటే మన ఊళ్ల గాలి ఇప్పుడే శుభ్రంగా లేదు. సందు మలుపులో ఊడ్చిన చెత్తకు పొద్దున్నే నిప్పు పెడతారు. ఎన్నికలైపోయిన ఫ్లెక్సీలు కాలుస్తారు. రాగి కోసం వైర్లు కాలుస్తారు, డయాక్సిన్ పుట్టడానికి అంతకంటే అనువైన పొయ్యి లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం మంచి వడపోత ఉన్న కర్మాగారంలో టన్ను చెత్తకు 0.5 మైక్రోగ్రాము డయాక్సిన్ వస్తే, బయట కాల్చిన చెత్తకు 40 వస్తుంది, అంటే 80 రెట్లు. ఏ వడపోతా లేని నాసిరకం పొయ్యిలో అయితే 3,500. కనుక చెత్త కర్మాగారమంతా చెడ్డదని గానీ, మంచిదని గానీ నేను అనడం లేదు. మంచిదో చెడ్డదో లెక్క చెప్పాలి. డయాక్సిన్‌లోని 17 రకాల పాళ్లు ఒక్కో పొగలో ఒక్కో తీరుగా ఉంటాయి. ముందటి లెక్క ఉంటే ఈ పాళ్లను పోల్చి ఇది వీధి మంటదా, చిమ్నీదా అని చాలావరకు విడదీయవచ్చు. లేకుంటే ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటూ ఏండ్లు గడుస్తాయి.

మనం చేయగలిగింది

2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, కలెక్టరు గారు గానీ వారి ప్రతినిధి గానీ అధ్యక్షత వహించి సభ జరపాలి. ఏ జిల్లాలోనైనా అటువంటి సభ జరిగితే అరుపులు, నినాదాలు చాలా వినబడతాయి, మినిట్సులోకి ఎక్కే ప్రశ్నలు తక్కువ. ఫైలు మీద ఏది నిలుస్తుందో మనకంటే ఎవరికి తెలుసు? మన సంఘం తరఫున రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు ఇస్తే చాలు. రాజేయకముందు డయాక్సిన్ లెక్క తీశారా? ఏ రుతువులలో తీశారు? కేంద్రాలు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయి? చిమ్నీ నమూనా ఎన్ని గంటలది? ఫలితాలు పంచాయతీ నోటీసు బోర్డు మీద పెడతారా? జవాబు వచ్చేదాకా రిమైండర్లు పంపడం మనకు కొత్త కాదు.

అంతవరకు మన వీధిలో చెత్తకు నిప్పు పెట్టకుండా చూడడం మన చేతిలో పని. 2016 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాల్చిన వారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చిన వారికి 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. జరిమానా మాట అటుంచి, పొద్దున్నే వాకింగుకు వెళ్లే మన మిత్రులు కాలుతున్న కుప్ప కనబడిన తేదీ, చోటు ఒక నోటు పుస్తకంలో రాసి నెలకోసారి మున్సిపాలిటీకి అందజేయవచ్చు. రిజిస్టర్ రాయడం మనకు చేతనైన విద్య. ఆసక్తి ఉన్న సభ్యులు వచ్చే నెల సమావేశంలో పేర్లు ఇవ్వగలరని మనవి.